రెండు దేనారములు

కొన్ని మాసముల క్రిందట రేపల్లె ప్రాంతములోని ఒక పల్లెలో మూడు రాత్రుల కూటములు జరిగినవి. రెండవ రాత్రి ప్రసంగీకుడు, వయస్సున నాకంటె చాల చిన్నవాడు, చేయెత్తి ఒక మాట చెప్పినాడు. ప్రభుత్వపు ఆరోగ్య కార్డును పెట్టెలో భద్రముగా దాచుకొనువాడు దేవుని వాగ్దానమును గుమ్మము బయట పారవేసినవాడట. బీమా అనునది అవిశ్వాసమునకు మారుపేరట. జనులు ఆమేన్ అన్నారు. నా ప్రక్కన కూర్చున్న తల్లి కూడ అన్నది. ఆమె ఒడిలోని పిల్లవాడు దగ్గుచునే యున్నాడు. నేను ఆమేన్ అనలేదు. కాని లేచి కాదని చెప్పనూ లేదు. పెద్దవాడను, నలుగురిలో వాదము ఎందుకని ఊరకుంటిని. ఇంటికి వచ్చిన తరువాత ఆ పిల్లవాని దగ్గు నన్ను నిద్రపోనీయలేదు. అప్పుడు చెప్పవలసిన మాట ఇప్పుడు వ్రాయుచున్నాను.

మంచి సమరయుని కథ మన సండే స్కూలు పిల్లలందరికి కంఠతా వచ్చును. దొంగలచేత కొట్టబడి దారిప్రక్కన పడియున్నవానిని అతడు చూచి, గాయములు కట్టి, తన పశువుమీద ఎక్కించుకొని పూటకూళ్ళ యింటికి తీసికొనిపోయినాడు. మన ప్రసంగములు సాధారణముగా ఇక్కడ ఆగిపోవును. నూనె, ద్రాక్షారసము, జాలిగల హృదయము, ఆమేన్. కాని కథ అక్కడ ఆగలేదు. మరునాడు అతడు రెండు దేనారములు తీసి పూటకూళ్ళవాని చేతికిచ్చినాడు. అంతకంటె ఎక్కువ ఖర్చయినయెడల తిరిగి వచ్చునప్పుడు చెల్లింతునని పూచీ పడినాడు. ఇంకను జరుగని ఖర్చుకు, తాను దగ్గర ఉండని దినములకు, ముందుగానే ఏర్పాటు చేసి వెళ్ళినాడన్నమాట. దీనిని మన కాలపు భాషలో ఏమందురో ఆ ప్రసంగీకుడు చెప్పవలెను. రేపటిని గూర్చి లెక్క వేసినందుకు ప్రభువు ఆ సమరయుని గద్దించలేదు. వెళ్ళి అలాగే చేయుమని ధర్మశాస్త్రము చదివినవానికి చెప్పినాడు.

ఈ మాటను సులభముగా వ్రాయుటకు నాకు అర్హత లేదు. ఎందుకో చెప్పెదను.

మా సంఘములో ఒక పిల్ల యుండెను. పేరు వ్రాయను. తల్లి నాట్లకు, మినుము పీకుటకు పోవునది. పిల్లకు తొమ్మిదవ ఏట గొంతునొప్పి వచ్చినది, జ్వరము వచ్చినది, తగ్గినది. రెండు మూడు వారములకు ఒక మోకాలు వాచినది. అది తగ్గి రెండవ మోకాలు వాచినది. ఊరి ఆర్.ఎం.పి. ఒక సూది వేసి బిళ్ళలిచ్చినాడు. ఎదిగే పిల్లలకు కీళ్ళ నొప్పులు సహజమని ముసలమ్మలు చెప్పినారు. ఆదివారమున తల్లి పిల్లను బలిపీఠము ముందుకు తెచ్చినది. అయ్యగారు తలపై చేయి ఉంచి ప్రార్థించినారు. నేనును ప్రక్కన నిలిచి ప్రార్థించితిని. వాపు తగ్గినది. మేము సాక్ష్యము చెప్పించితిమి. మరుసటి ఏడు అదే వచ్చినది, మరల తగ్గినది, మరల సాక్ష్యము. పండ్రెండవ ఏట ఆ పిల్ల బడి మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండెడిది. రాత్రి పడుకొన్నచో ఊపిరి ఆడక లేచి కూర్చుండెడిది. అప్పుడు గాని పెద్ద ఆసుపత్రికి తీసికొని పోలేదు. గుండె కవాటము చెడిపోయినదని, శస్త్రచికిత్స తప్పదని చెప్పినారు.

దీనిని రుమాటిక్ జ్వరమందురు. స్ట్రెప్టోకాకస్ అను క్రిమివలన వచ్చు గొంతునొప్పికి సకాలములో మందు పడనప్పుడు కొందరు పిల్లలకు ఇది వచ్చును. 5 మొదలు 15 ఏండ్ల వయస్సువారికే ఎక్కువ. కీళ్ళను ముట్టుకొని విడిచిపెట్టును. గుండెను మాత్రము విడిచిపెట్టదు. మొదటిసారి గుర్తించిన పిమ్మట 3 లేక 4 వారములకొకసారి పెన్సిలిన్ సూది, ఏండ్ల తరబడి, మానకుండ వేయించవలెను. అట్లు వేయించిన పిల్లలలో చాలమందికి జబ్బు తిరుగబెట్టదు, గుండె మరింత చెడిపోదు. ఆ సూది ఎంతో ఖరీదైనది కాదు. మన కూటములలో ఒక రాత్రికి వచ్చు చందాతో ఒక పిల్లకు ఎన్నో ఏండ్లు వేయించవచ్చును. ఆ సంగతి మాలో ఒక్కనికి తెలియదు. తెలిసికొనవలెనని ఎవరికి తోచలేదు. వాపు తగ్గిన ప్రతిసారి స్తోత్రము చెల్లించి ఇండ్లకు వెళ్ళితిమి.

ప్రార్థన చేయకూడదని నేననుట లేదు. యాయీరు ప్రభువు పాదములమీద పడి బతిమాలుకొన్నాడు. ఆయన ఆ చిన్నదానిని చేయి పట్టి లేపిన తరువాత మొట్టమొదట చెప్పినదేమి? ఆమెకు తినుటకేమైన పెట్టుడని. మృతులలోనుండి లేపినవాడు పిల్లకు అన్నము సంగతి మరువలేదు. మేము సాక్ష్యము చెప్పించి, సూది సంగతి అడుగక పంపివేసితిమి.

ఇక కార్డు సంగతి. శస్త్రచికిత్సకు డబ్బు కార్డే ఇచ్చినది. ఇది సత్యము, దీనిని దాచిపెట్టువాడు కృతఘ్నుడు. మన రాష్ట్రములో తెల్ల రేషను కార్డు గల కుటుంబములకు 2007 లో రాజీవ్ ఆరోగ్యశ్రీ అను పేరున ఈ ఏర్పాటు ఆరంభమైనది. మొదట కుటుంబమునకు ఏటికి 1.5 లక్షల రూపాయలు, అవసరమైన యెడల మరి 50,000 వరకు. 2014 తరువాత దీనికి ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారినది. 2019 తరువాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయినది. 2024 లో తిరిగి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయినది. నడుమ 2018 లో కేంద్ర ప్రభుత్వము కుటుంబమునకు 5 లక్షలని ఆయుష్మాన్ భారత్ తెచ్చినది. 2023 డిసెంబరులో రాష్ట్రపు పరిమితిని 25 లక్షలకు పెంచినారు. ప్రభుత్వములు మారినప్పుడెల్ల కార్డుమీద బొమ్మ మారినది. పిల్లల జ్వరమునకు మాత్రము ఏ పార్టీయు క్రొత్త పేరు పెట్టలేదు.

బాగుగా గమనించుడి. ఈ కార్డు ప్రధానముగా ఆసుపత్రిలో చేరినవానికొరకు ఏర్పడినది. గుండె కోయవలసి వచ్చినప్పుడు లక్షలు ఇచ్చును. గొంతు నొచ్చిన రోజున తల్లి కూలి మానుకొని పిల్లను డాక్టరువద్దకు తీసికొని పోవుటకు అది ఒక్క రూపాయి ఇయ్యదు. ఆ రోజు పోయిన కూలి ఎవరిది? ఆటో ఛార్జి ఎవరిది? ఇంటివద్ద ఉన్న చిన్నపిల్లలకు వండిపెట్టునది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకనే మన పల్లెలలో పిల్లలు ఆర్.ఎం.పి. సూదితో సరిపెట్టుకొనుచున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మందు ఉచితమే. కాని ఉచిత మందుకు పోవుటకు కూడ ఒక దినపు కూలి ఖర్చగును. అట్లు ఖర్చు చేయలేని తల్లిని అజ్ఞానురాలని చదువుకొన్నవారు అందురు. ఆమె అజ్ఞానురాలు కాదు. ఆమె లెక్క ఆమెకు బాగుగా తెలియును. దినమంతయు నడుము వంచి సంపాదించినదానికి లెక్క వ్రాసికొననక్కర లేకయే తెలియును.

మా పిల్లకు కార్డు చేతిలోనే ఉన్నది గదా, వెంటనే శస్త్రచికిత్స జరిగినదా? లేదు. బాప్తిస్మపు పుస్తకములో ఆమెకు ఒక పేరు. బడి రిజిస్టరులో ఇంకొకటి. ఆధారులో బడి పేరే, గాని ఒక అక్షరము తేడా. రేషను కార్డులో ఇంటివారు పిలుచు ముద్దుపేరు. ఆసుపత్రిలో బల్లవద్ద కూర్చున్నవాడు నాలుగు కాగితములు చూచి, ఈ నలుగురు పిల్లలలో రోగి ఎవరని అడిగినాడు. పరిహాసమునకే అడిగినాడు; కాని దానికి జవాబు సంపాదించుటకు మాకు రెండు వారములకు పైగా పట్టినది. గ్రామ సచివాలయమునకు, బడికి, మరల ఆసుపత్రికి తిరిగితిమి. ఆ పిల్ల ఆ దినములన్నియు దిండ్లకు ఆనుకొని కూర్చుండియే నిద్రపోయినది.

మన సంఘములలో పేర్లు ఇట్లు చీలియుండుటకు కారణము మనందరికి తెలియును, పైకి అనము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులముల హోదా లేదు. అందుచేత బాప్తిస్మపు పేరు దేవుని ఎదుట, కాగితపు పేరు తహశీల్దారు ఎదుట. ఆ ఉత్తర్వు న్యాయమా అన్యాయమా అను వివాదము వేరుగా వ్రాయవలసినది. నా అభిప్రాయము ఈ పత్రిక చదువువారికి తెలియనిది కాదు. కాని ఆరోగ్య కార్డు కులమును అడుగదు, మతమును అడుగదు. కుటుంబపు ఆదాయము చూచును, కార్డులో పేరు ఉన్నదా లేదా చూచును, అంతే. మన భయము ఒకచోటిది. దాని దెబ్బ వేరొకచోట, అందులోను పిల్లలమీద పడుచున్నది. ఏ పేరైనను పెట్టుకొనుడి, కాని అన్ని కాగితములలో ఒకటే యుండునట్లు చూడుడి.

జననపు నమోదు సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. 1969 నాటి చట్టము ప్రకారము బిడ్డ పుట్టిన 21 దినములలోపల వ్రాయించవలెను. దానికి రుసుము లేదు. ఒక ఏడు దాటినయెడల మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీ తరువాత పుట్టినవారికి జనన ధ్రువపత్రమే బడికి, ఆధారుకు, ఇంకను అనేకమైనవాటికి మూలాధారము. మనము బిడ్డ ప్రతిష్ఠకు తేదీ మరువము. బంధువులను పిలుతుము, కొత్త గుడ్డలు కొందుము, అయ్యగారికి కానుక ఇత్తుము. ఆ దినముననే జనన పత్రము తెచ్చినారా అని అడుగు అయ్యగారిని ఇంతవరకు నేను చూడలేదు. ఎవరైన ఉన్నయెడల నన్ను క్షమించవలెను, వారికి నా వందనములు.

మన పితరులు ఇట్లుండలేదు. హయ్యరు గారు 1842 లో గుంటూరు వచ్చినప్పుడు సువార్తికులే; తరువాత అమెరికా వెళ్ళి, నడివయస్సు దాటిన తరువాత వైద్యము చదువుకొని మరల మన దేశమునకు వచ్చినారు. డాక్టరు కుగ్లరమ్మగారి సంగతి మన అమ్మమ్మలు చెప్పుకొనెడివారు. 1883 లో ఆమె వచ్చునాటికి పంపిన సంఘమువారు వైద్య మిషనెరీని పంపుటకు సిద్ధముగా లేరు. ఆడపిల్లల బడులు, అంతఃపుర స్త్రీల సేవ అని చెప్పి పంపినారు. ఆమె మందుల పెట్టె వెంట తెచ్చుకొన్నది. పగలు చెప్పిన పని చేసినది, తలుపు తట్టినవారికందరికి వైద్యము చేసినది. 1898 లో స్త్రీలకు పిల్లలకు ఆసుపత్రి తెరచినది. 1930 లో గుంటూరులోనే కన్నుమూసినది. ఏలూరు రాజాగారు తమ కుటుంబమునకు ఆమె చేసిన వైద్యమునకు కృతజ్ఞతగా ఆ ఆసుపత్రి చెంత ఒక సత్రము కట్టించినారు, రోగుల బంధువులు ఉండుటకు. ఆ సత్రమును గూర్చి తలంచినప్పుడెల్ల నాకు పూటకూళ్ళ యిల్లు జ్ఞాపకమునకు వచ్చును. రాజాగారు క్రైస్తవులు కారు. రోగి ఒంటరిగా రాడని, వెంట వచ్చినవారికి పొయ్యి, నీడ కావలెనని ఆయనకు తెలిసినది. మంచము ప్రక్క నేలమీద పడుకొను మన పల్లెటూరి తల్లికి నేడు ఏ సంఘము సత్రము కట్టించుచున్నది? బాపట్లలోను, నిడుబ్రోలులోను రక్షణ సైన్యమువారు ఆసుపత్రులు కట్టినారు. ఇవన్నియు పరదేశపు వితంతువుల చిల్లరతో లేచిన గోడలు. మన సొంత చందాలతో లేచినవి ప్రహరీ గోడలు, గాలిగోపురమంత ముఖద్వారములు, వాటిమీద దాతల పేర్లు.

బాపట్ల వైపు బాప్తిస్టు సంఘములవారు చదువుచున్నయెడల, వారి వర్గమునకు చెందిన ఒక కాపరి సంగతి వారికి చెప్పవలెను. టామీ డగ్లస్ అను నతడు 1904 లో స్కాట్లండులో పుట్టి, బాల్యములో తల్లిదండ్రులతో కెనడాకు పోయినాడు. చిన్నతనమున మోకాలి దెబ్బ తగిలి ఎముకకు చీము పట్టినది. డబ్బు లేని కుటుంబము. కాలు తీసివేయుటయే మార్గమన్నారు. అప్పుడు ఒక గొప్ప శస్త్రవైద్యుడు, వైద్య విద్యార్థులు చూచి నేర్చుకొనుటకు ఒప్పుకొన్నయెడల ఉచితముగా చేసెదనని చెప్పి, ఆ కాలు నిలిపినాడు. పిల్లవాడు పెరిగి 1930 లో బాప్తిస్టు కాపరిగా అభిషేకము పొందినాడు. తన కాలు నిలిచినది ఒక వైద్యుని దయవలన, అదృష్టవశమున; ఆ వైద్యుడు ఆ రోజున ఆ వార్డులోనికి రాకుండిన యెడల ఏమగును అను ప్రశ్న అతనిని జీవితాంతము విడువలేదు. 1944 లో సస్కాచెవాన్ రాష్ట్రమునకు ముఖ్యమంత్రి అయినాడు. 1947 జనవరి 1 నుండి ఆ రాష్ట్రములో ప్రతివానికి ఆసుపత్రి బీమా వచ్చినది. 1962 లో, అతడు ఆ పదవి విడిచిన తరువాత, డాక్టరుకు ఇచ్చు ఫీజు కూడ బీమాలోనికి వచ్చినది. డాక్టర్లు 23 దినములు సమ్మె చేసినారు, అయినను నిలిచినది. తరువాత దేశమంతయు దానిని అనుసరించినది. ఈ కాపరి అవిశ్వాసియా? కూటములో చేయెత్తిన సహోదరుని నేను అడుగుచున్నాను. తన ఒక్క కాలు దేవుడు బాగుచేసినాడని ఊరూరా సాక్ష్యము చెప్పుకొనుచు తిరిగియున్నచో మనవారు అతనిని పిలిచి కూటములు పెట్టియుందురు. అతడు తనకు కలిగినది అందరి పిల్లలకు హక్కుగా కలుగవలెనని కూర్చుండి చట్టము వ్రాయించినాడు.

దయ వేరు, హక్కు వేరు. మన దేశములో 1946 లోనే భోర్ కమిటీవారు, డబ్బు ఇచ్చుకోలేని కారణమున ఎవనికిని వైద్యము లేకపోరాదని వ్రాసినారు. పిల్లల హక్కుల ఒడంబడికను మన ప్రభుత్వము 1992 లో అంగీకరించినది. అందులో వైద్యమును పొందు హక్కు కూడ నున్నది. కాబట్టి కార్డు పట్టుకొని వెళ్ళు తల్లి బిచ్చమునకు వెళ్ళుట లేదు. ఆసుపత్రి బల్లవద్ద మనవారు చేతులు కట్టుకొని నిలిచి, అయ్యా బాబూ అని వేడుకొనుట చూచినప్పుడు నాకు కడుపు మండును. కార్డు ఉండగా ముందు కొంత డబ్బు కట్టుమని అడిగినచోట, ఎందుకని తిరిగి అడుగుడి. ఆరోగ్యమిత్ర అను ఉద్యోగి అందుకే ఉన్నాడు. 104 కు ఫోను చేయుడి.

ప్రభుత్వమును కూడ విడిచిపెట్టను. పథకము గొప్పదని బొమ్మలు వేయించుట ఒకటి, ఆసుపత్రులకు బాకీ తీర్చుట మరొకటి. 2024 మే నెలలో ఒకసారి, 2025 అక్టోబరులో మరొకసారి, బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలు నిలిపివేసినవి. అప్పుడు ఒక ప్రభుత్వము, ఇప్పుడు మరొక ప్రభుత్వము. వాకిట నిలిచిన రోగి ఒక్కడే. పూటకూళ్ళవానికి తిరిగివచ్చి చెల్లింతునని చెప్పిన సమరయుడు తిరిగి రాకపోయినయెడల, మరుసారి గాయపడినవానికి ఆ యింట తలుపు తెరువరు. 2015 ఆగష్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలుకలు కరచిన పసికందు మరణించినది మనము మరువలేదు. ఉచితమనిన, దిక్కులేనివారికి ఎట్లున్నను చాలునని అర్థమా?

2022 ఏప్రిల్ 4 న జిల్లాలు విభజించినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలినది. రేపల్లె క్రొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోనికి పోయినది. కాగితము మీద రేపల్లె పిల్లకు జిల్లా కేంద్రము బాపట్ల. రైలు మాత్రము భట్టిప్రోలు, వేమూరు, జంపని మీదుగా తెనాలికే పోవును. బాపట్లకు రైలులో పోవలెనన్న తెనాలిలో దిగి బండి మారవలెను. డాక్టర్లును తెనాలిలోనే ఎక్కువ. దీనివలన మనవారు కొందరు, జిల్లా మారినది గనుక తెనాలిలోను గుంటూరులోను మన కార్డు చెల్లదని తలంచుచున్నారు. అది పొరపాటు. పథకములో చేరిన ఆసుపత్రి రాష్ట్రములో ఏ జిల్లాలో ఉన్నను చెల్లును. ఈ ఒక్క మాట ప్రకటనల సమయములో చదివిన యెడల చాలు, ఎందరికో ఉపకారమగును. ప్రకటనలలో మనము చదువునవి ఏమిటి? ఎవరి వివాహము, ఎవరి జ్ఞాపకార్థ కూటము, ఎవరు కుర్చీలు బహూకరించినారు.

ఇంకొక సంగతి మన బడులవారికి చేదుగా నుండును. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమని ఒకటి నడచుచున్నది. పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు పిల్లలను పరీక్షించుటకు వైద్య బృందము అంగన్‌వాడీలకు ఏటికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు, ఎయిడెడ్ బడులకు ఒకసారి రావలెను. చూడవలసిన 30 లోపములలోను జబ్బులలోను పుట్టుచెవుడు ఉన్నది, గ్రహణపు పెదవి ఉన్నది, పుట్టుకతో వచ్చు గుండె జబ్బు ఉన్నది. నేను పైన చెప్పిన రుమాటిక్ గుండె జబ్బు కూడ ఉన్నది. అనగా మా పిల్ల గుండెకు స్టెతస్కోపు పెట్టవలసిన మనిషిని ప్రభుత్వము ఏర్పాటు చేసినది. కాని ఆమె చదివినది ఎయిడు లేని చిన్న ఇంగ్లీషు కాన్వెంటులో, మన విశ్వాసియే నడుపునది. ఆ బృందము అటువంటి బడికి రాదు. తల్లి నాట్లు వేసి తెచ్చిన డబ్బుతో ఫీజు కట్టి, మెడకు టై కట్టించి, ఆ పరీక్షనుండి పిల్లను దూరము చేసికొన్నది. ఆమెకు తెలియదు. బడి నడుపువారికి తెలిసియుండవలసినది. కాన్వెంటులు నడుపు సహోదరులారా, మీరు ఏటికొకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుగారిని పిలిపించి పిల్లలను చూపించుటకు ఏ చట్టము అడ్డము? వార్షికోత్సవమునకు ఎమ్మెల్యేగారిని పిలుచుటకు తీరిక దొరకుచున్నది గదా.

పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొనివచ్చిన సంగతి అందరము చదివినాము. స్వస్థపరచువాడు ఇంటిలోపలనే ఉన్నాడు. ఆయన శక్తికి కొరత లేదు. వాకిటిలోనే త్రోవ లేదు. మోయువారు నలుగురు ఇంటిమీదికెక్కి కప్పు విప్పినారు. నేడును లోపల శక్తి ఉన్నది: శస్త్రవైద్యుడున్నాడు, కార్డు ఉన్నది, చట్టము ఉన్నది. వాకిటివద్ద పేరు తప్పు, కూలి నష్టము, భయము గుంపుగా నిలిచియున్నవి. ఆ నలుగురి పేర్లు గ్రంథములో లేవు. వారిలో ఎవరైన ప్రసంగించినట్లును లేదు.

మా పిల్ల బ్రదికినది. కవాటము మార్చినారు. రోజూ మాత్ర వేసికొనవలెను, రక్తము పలుచన ఎంతయున్నదో మాటిమాటికి చూపించుకొనవలెను. పెద్దదై పెండ్లియై బిడ్డను కనవలెనన్న అది వైద్యులకు కూడ జంకు పుట్టించు సంగతి. తల్లి నా యెదుట ఎన్నడు నిష్ఠూరమాడలేదు. ఒకసారి మాత్రము, అయ్యా, ఆ మొదటిసారి వాచినప్పుడే మీరెవరైన తెనాలి తీసికొని పొమ్మని చెప్పియున్నచో నేను పోయియుందును గదా అన్నది. కోపముతో అనలేదు. వడ్లు చెరుగుచు అన్నది.

తరువాత మా సంఘములో ఒక నోటుబుక్కు పెట్టినాము. ప్రతి ఇంటి పిల్లల పేర్లు, పుట్టిన తేదీ, జనన పత్రమున్నదా, ఆధారులోను రేషను కార్డులోను పేరు ఒకటేనా, టీకాలన్నియు పడినవా అని వ్రాయుదుము. నెలకొక ఆదివారపు కానుకలోనుండి కొంత వేరుగా తీసి, పిల్లను ఆసుపత్రికి తీసికొనిపోవు తల్లికి ఆటో ఛార్జియు ఆనాటి కూలియు ఇచ్చుచున్నాము. మొదటి నెల కమిటీలో గొడవ వచ్చినది. దేవుని సొమ్ము ఆటోవానికి ఇచ్చుట ఏమని ఒక పెద్ద అడిగినారు. సమరయుని పశువు కూడ మేత తినియుండును గదా అని నేనన్నాను. నవ్వినారు, సంతకము పెట్టినారు.

పేర్లు సరిచేయించు పని డిగ్రీ చదివిన ఇద్దరు యౌవనస్థులకు అప్పగించితిమి. వారు ఫోనులో పది నిమిషములలో చేయు పనికి మేము ఒక సంవత్సరము భయపడియుంటిమి. కొన్ని కుటుంబములు ఇంకను ఇయ్యలేదు. ఎందుకు వ్రాసికొనుచున్నారని అనుమానము. కూటములో ఆమేన్ అన్న ఆ తల్లి ఇల్లు మా ఊరికి దగ్గరే. ఆ దగ్గు పిల్లవాని పేరు మా పుస్తకములో లేదు, వారు మా సంఘము వారు కారు. మంగళవారమున మా యౌవనస్థుడొకడు, నేను వెళ్ళెదము. ఆమె పనినుండి తిరిగి వచ్చువేళకు, సాయంకాలము ఆరు దాటిన తరువాత.